ఇస్కూల్ అంటే నవ్వెందుకు?

(ఇంగ్లీషు ఎవరబ్బ సొత్తు? – 4)

ఉట్నూరు నుంచో, వేములవాడ పక్క పల్లె నుంచో వచ్చిన పిల్లగాడు సెమినార్‌ల లేచి "ఇస్కూల్", "ఇస్టూడెంట్" అంటడు. వెనక బెంచీల నుంచి కిసకిస నవ్వులు. ఆ తెల్లారి నుంచి వాడు నోరు తెరవడు. అసొంటి పిల్లల్ని ఏటేటా చూస్తున్న. అందుకే ఈ వారం ఆ నవ్వు చరిత్ర చెప్త.

ముందు ఆ 'ఇ' సంగతి. అచ్చ తెలుగు మాటలు 'స్క', 'స్ట' లాంటి జంట హల్లులతో మొదలుగావు. అందుకే సంస్కృత స్తంభం కంబం అయ్యింది, స్నేహం నెయ్యం అయ్యింది. బడి పుస్తకం వాటిని 'ప్రకృతి–వికృతి' అని నేర్పుతది. మన నోట్లెకు వస్తే 'వికృతి' అన్నమాట! ఇగ ఉర్దూ మాట్లాడేటోళ్లు కూడా ఇస్కూల్, ఇస్టేషన్ అనే అంటరు. నిజాం రాజ్యంల ఉన్న మన కరీంనగర్, ఆదిలాబాద్‌లల్ల ఈ రెండు అలవాట్లు పక్కపక్కన బతికినయి.

ఇప్పుడు యూరప్ పోదాం. బడికి లాటిన్ మాట 'స్కోలా'. అది స్పెయిన్‌ల 'ఎస్కువేలా' అయ్యింది. పాత ఫ్రెంచిల 'ఎస్కోల్' అయ్యి, ఇప్పుడు 'ఎకోల్' అయ్యింది. ఇంగ్లండ్ పక్కనే ఉన్న వేల్స్‌ల 'అస్గోల్' అంటరు. వాళ్ల నోరు చేసింది, మన పిల్లగాని నోరు చేసింది ఒక్కటే పని. అంతెందుకు, ఇంగ్లీషులనే 'స్టేట్', 'ఎస్టేట్' రెండూ ఉన్నయి. రెండింటికీ మూలం లాటిన్ 'స్టేటస్'. ఫ్రెంచి నోట్లె ముందు అచ్చు తగిలించుకొని వచ్చిన మాటే ఎస్టేట్. దొర అంటే ఎస్టేట్ ఆస్తి. మనమంటే ఇస్టేట్ ఎగతాళి!

స్పెల్లింగుల కథ ఇంకా తమాషా. 'నైఫ్', 'నీ' మాటల ముందున్న 'కె' ఒకప్పుడు నిజంగనే పలికేది. కాక్స్‌టన్ 1476ల ఇంగ్లండ్‌కు అచ్చు యంత్రం తెచ్చిండు. తర్వాత నోరు మారింది గానీ అచ్చుల అక్షరం అట్లనే ఉండిపోయింది. 'డెట్' సంగతి వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాంట్ల 'బి' లేదు. పండితులు లాటిన్ 'డెబిటుమ్' చూసి 'బి' ఇరికించిండ్రు. వంశం గొప్ప చెప్పుకోవాలె గదా! 'ఐలాండ్' అయితే సొంత ఇంగ్లీషు మాట. దానికి లాటిన్ 'ఇన్సులా'తో చుట్టరికమే లేదు. అయినా 'ఎస్' తగిలించిండ్రు. అది అబద్ధపు గోత్రం. తప్పు చేసింది పండితుడు, మార్కులు పోయేది మన పిల్లలకు.

'ఆస్క్'ను 'ఆక్స్' అన్నందుకు అమెరికాల నల్లజాతి వాళ్లను ఇప్పటికీ ఎగతాళి చేస్తరు. పాత ఇంగ్లీషుల ఆ రెండు రూపాలూ ఉండేవి. చాసర్ 'ఆక్స్' రాసిండు. 1535 నాటి కవర్‌డేల్ బైబిల్‌ల కూడా అదే ఉన్నది. మరి బైబిల్‌ల ఒప్పయింది నల్లోని నోట్లె తప్పెట్లయింది? నోరు ఎవరిదో చూసి తీర్పు చెప్తరు, అంతే.

'అసలైన' ఉచ్చారణ ఎక్కడిది? 1917ల డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు అచ్చేసిండు. దాంట్ల ఆయన నమూనాగ తీసుకున్నది పబ్లిక్ స్కూళ్ల ఉచ్చారణ. పేరుకు పబ్లిక్ గానీ అవి ఉన్నోళ్ల బడులు. దక్షిణ ఇంగ్లండ్‌ల పిల్లలను ఆ బోర్డింగ్ బడులకు పంపగలిగిన కుటుంబాల మాట అది. తెలుగు చదివినోళ్లకు ఈ కథ కొత్తగాదు. గ్రాంథికం మీద గెలిచిన వాడుక భాషకు కూడా ముందు 'శిష్ట' అనే తోక ఉన్నది. ఆ శిష్టులల్ల మాదిగవాడ లేదు, మాలవాడ లేదు, తెలంగాణే లేదు. రెండున్నర జిల్లాల భాష అని మనం కొట్లాడింది అందుకే గదా.

మన తాతలకు ఇంగ్లీషు బడిల దొరకలేదు, పనిల దొరికింది. గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గు బాయిలల్ల 'షిఫ్ట్', 'మస్టర్' వాళ్ల నోట్లె తెలుగైనయి. మస్టర్ మూలం లాటిన్‌ల 'చూపించు' అనే మాట. మాన్‌స్టర్ కూడా దాని చుట్టమే. మస్టర్ పడక ఒక రోజు కూలి పోయినోనికి ఆ చుట్టరికం ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరికి ఒక్క మాట: 'పరయా'. తమిళంల 'పరై' అంటే డప్పు. దాన్నుంచే పరైయర్ల పేరు వచ్చిందని నిఘంటువులు చెప్తయి. 17వ శతాబ్దంల అది ఇంగ్లీషుకెక్కింది. రాతల చివర ఒక 'హెచ్' ఉంటది, పలకదు. ఇయ్యాల ఒక దేశాన్ని లోకం దూరం పెడితే పేపర్లు 'పరయా స్టేట్' అని రాస్తయి. డప్పు కొట్టినోళ్ల పేరును వెలికి మారుపేరు చేసిండ్రు. మన ఉచ్చారణకు నవ్వేటోళ్లు ఈ మాట దగ్గర ఎందుకు సిగ్గుపడరు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంటర్వ్యూల కోసం 'స్కూల్' అనుడు నేర్చుకోండ్రి. 'స్స్స్' అని పట్టి 'కూల్' కలపండ్రి, వారం రోజులల్ల వస్తది. అది ఒక హునర్, అంతే. అది వచ్చేదాక నోరు మూసుకొని మాత్రం కూసోకండ్రి. బాబాసాహెబ్ 1936ల 'అనిహిలేషన్ ఆఫ్ కాస్ట్' ఇంగ్లీషుల రాసిండు. దానికి జవాబు చెప్పాల్సి వచ్చినోళ్లు ఆయన ఉచ్చారణ గురించి మాట్లాడలేదు.

జై భీమ్.