వీ (వీడియో గేమ్ యంత్రము)

వీ, జపానుకు చెందిన నింటెండో సంస్థ 2006లో విడుదల చేసిన గృహ వీడియో గేమ్ యంత్రము. చేతి కదలికలతో ఆట నడిపించుట దీని ప్రత్యేకత.

యంత్రభాగములు

ఇందులో 729 మెగాహెర్ట్జ్ వేగము గల ఐబీఎం ప్రాసెసరు, ఏటీఐ గ్రాఫిక్స్ చిప్పు, 88 మెగాబైట్ల ర్యామ్ ఉన్నవి. సమకాలీనమైన ప్లేస్టేషన్ 3 వలె హై డెఫినిషన్ చిత్రమును ఇది చూపలేదు.

చలన గ్రహణము

రిమోటులోని యాక్సెలరోమీటరు మూడు అక్షములలో త్వరణమును కొలుచును. టీవీ వద్ద ఉంచెడి "సెన్సర్ బార్" పేరుకే సెన్సరు. అది పరారుణ కాంతిని వెలువరించును, అంతే. ఆ కాంతిబిందువులను చూచునది రిమోటు కొనన ఉన్న కెమెరా. అందుచేత బారుకు బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించినను రిమోటు తెరపై గురి చూపగలదు. మణికట్టు మెలికలను కచ్చితముగా గుర్తించుటకు 2009లో గైరోస్కోపు గల "మోషన్ ప్లస్" అనుబంధ పరికరము వచ్చినది.

శక్తి తక్కువైనను, ఈ యంత్రములు 10 కోట్లకు పైగా అమ్ముడైనవి.