పొగ హెచ్చరిక పరికరం

పొగ హెచ్చరిక పరికరం (వాడుకలో స్మోక్ అలారం) ఇంటిలో పొగను పసిగట్టి పెద్ద శబ్దంతో హెచ్చరించే సాధనము. అగ్నిప్రమాదాలలో కాలిన గాయాల కంటె పొగ, విషవాయువుల వలననే ఎక్కువమంది మరణిస్తారు. నిద్రలో ఉన్నవారు పొగ వాసనకు మేలుకోకపోవచ్చును.

రకాలు

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. అయనీకరణ రకం వేగంగా ఎగసే మంటలను త్వరగా గుర్తిస్తుంది. కాంతివిద్యుత్ రకం పరుపులు, విద్యుత్ తీగలు మెల్లగా రాజుకొనేటపుడు వచ్చే పొగను ముందుగా గుర్తిస్తుంది. పడకగదులకు రెండవది అనువైనది.

అమరిక

పొగ పైకి లేస్తుంది గనుక దీనిని పైకప్పుకు, ఫ్యానుకు దూరంగా, పడకగదులలోను వాటి వెలుపలి నడవలోను బిగించాలి. పోపు పొగకు అనవసరంగా మోగకుండా పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరం ఉంచాలి. విశాఖపట్నం వంటి తీరప్రాంతాలలో తేమ, దుమ్ము, పురుగులు కూడా దీనిని మోగించవచ్చును. అందుచేత తరచు శుభ్రపరచాలి. నెలకొకసారి మీట నొక్కి పరీక్షించాలి. 10 సంవత్సరాలకు పరికరాన్నే మార్చాలి.

పరిమితులు

ఇది వంటగ్యాసును గుర్తించదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హిందుస్తాన్ పెట్రోలియం చమురుశుద్ధి కర్మాగారంలో ఈ వాయువే లీకై అంటుకొనగా సుమారు 60 మంది మరణించారు. వంటగ్యాసు గాలికంటె బరువైనది, క్రిందనే పరచుకొంటుంది. కావున దానిని గుర్తించే పరికరాన్ని వేరుగా, వంటగదిలో నేలకు దగ్గరగా అమర్చాలి. పొగ హెచ్చరిక వినగానే అందరూ వెలుపలికి వచ్చి, 101కు ఫోను చేయాలి.