బీరు కాచువారి విజ్ఞానదానము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సెలవుదినమున వంటయింటనో, కారుషెడ్డులోనో పెద్ద గిన్నె పొయ్యిమీద నెక్కించి తమకు వలసిన బీరును తామే కాచుకొను ఔత్సాహికులు వేలకొలది గలరు. వీరిలో కొన్ని గోష్ఠులవారు ఈ శతాబ్ది ప్రథమదశనుండి మఱియొక వ్యాసంగమును గూడ చేపట్టిరి: తమ యింటి కంప్యూటరులు పనిలేక యూరకుండు గడియలను పరిశోధకులకు ధారవోయుట, అందుకై తమలో నొక జట్టుగా నేర్పడి ఇతర జట్టులతో పోటీపడుట. బీరునకును, ప్రొటీను అణువుల ముడుతలను లెక్కగట్టు శాస్త్రమునకును పొత్తేమి యని చూచువారి కబ్బురముగా తోచవచ్చును. కాని యీ పొత్తు నిన్న మొన్నటిది గాదు. సుమారు రెండువందల యేండ్లనుండి బీరు కాగినచోటనే ప్రొటీను శాస్త్రము పెరిగినది. దాచక పంచిపెట్టుట యను ధర్మమును అచ్చటనే నేర్చినది. ఆ చరిత్ర నెఱిగినవాడు ఈ జట్టుల దానమును పూర్వులు నడచిన బాటలోని మఱియొక మజిలీగానే యెంచును.

బీరు కాచుట యెట్టిదో కొంచెము దగ్గఱగా చూడవలెను. బార్లీ గింజలను నానబెట్టి, మొలక తలయెత్తగానే వేడిగాలిలో నారబెట్టి, బరకగా విసరి, సుమారు 65 మొదలు 68 డిగ్రీల వేడిగల నీటిలో గంటసేపు నాననిత్తురు. మొదట చప్పగానుండిన యా గంజినీరు గంట గడచునప్పటికి నాలుకకు తియ్యగా తగులును. గింజలోని పిండి యంతయు చక్కెరగా మారినదో లేదో తెలిసికొనుటకు ఆ ద్రవమును తెల్లని పింగాణి పళ్లెముమీద నొక చుక్క వేసి, దానికి అయొడిను చుక్క తగిలింతురు. నలుపు కలిసిన నీలిరంగు వచ్చెనా, పిండి యింకను మిగిలియున్నది. అయొడిను తన గోధుమవన్నెతోనే నిలిచెనా, పని ముగిసినది. పిదప వడియగట్టి, హాప్సు పూలు వేసి మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి, గాజు జాడీలో మూలకు పెట్టుదురు. రాత్రి రుబ్బి మూతపెట్టిన ఇడ్లీపిండి తెల్లవారునప్పటికి పొంగినట్లు, ఆ జాడీలోని ద్రవమును మనిషి చేయి తగులకయే నురుగెత్తి పులియును. కాని దీనికి ఒక రాత్రి చాలదు, రెండు మూడు వారములు పట్టును.

ఇందు పిండిని చక్కెరగా మార్చినవి మొలకెత్తిన గింజలోని ఎంజైములు. ఆ ఎంజైములు ప్రొటీనులు, అనగా మన పెద్దలు పాఠ్యపుస్తకములలో మాంసకృత్తులని చదువుకొన్న పదార్థములు. ప్రతి ప్రొటీనును అమినో ఆమ్లముల గొలుసు. ఆ గొలుసు తనంతట తాను ముడుచుకొని యొక నిర్ణీతమైన ఆకృతిని దాల్చినపుడే తన పని తాను చేయగలదు. నీటి వేడి 75 డిగ్రీలు దాటి కొంతసేపు నిలిచెనేని ఆ ముడుతలు విడిపోవును, ఎంజైము చచ్చును, పిండి పిండిగనే మిగులును. కావున థర్మామీటరు చేతబట్టి గిన్నెప్రక్కన నిలుచున్న గృహస్థుడు, తెలిసియో తెలియకయో, ఒక ప్రొటీను ఆకృతిని కాపాడుచున్నాడు.

ఈ రహస్యము తొలుత బయటపడినదియు మొలకెత్తిన బార్లీనుండియే. 1833లో ఫ్రాన్సు దేశస్థులైన పయేను, పెర్సో అను రసాయనజ్ఞులు ఆ గింజలనుండి పిండిని కరగించు పదార్థమును వేఱుచేసిరి. మానవుడు వేఱుచేసి చూచిన తొలి ఎంజైము అదియే. 1876లో పాశ్చరు బీరును గూర్చి యొక ప్రత్యేక గ్రంథమునే ప్రకటించెను. 1897లో జర్మనీయందు బుఖ్నరు ఈస్టుకణములను ఇసుకతో నూరి, పిండి, కణమేమియు మిగులని రసముతోనే చక్కెరను పులియజేసి, జీవకణము లేకున్నను ఎంజైము పనిచేయునని లోకమునకు చాటి, 1907లో నోబెలు బహుమానము నందుకొనెను.

అయినను ఈ కథకు మూలస్థానము కోపెన్‌హేగను నగరము. అచ్చట 1847లో కార్ల్స్‌బర్గు బీరు కార్ఖానాను స్థాపించిన జాకబ్సెను, లాభార్జనతో తృప్తిచెందక, 1875లో దాని కనుబంధముగా నొక ప్రయోగశాలను నెలకొల్పి, మఱుసటి సంవత్సరమున ఒక ధర్మనిధి నేర్పఱచి, దాని పాలనమును డెన్మార్కు రాయల్ విద్వత్పరిషత్తునకు అప్పగించెను. ఆ ప్రయోగశాలకు ఆయన విధించిన నియమమొకటి సువర్ణాక్షరములతో లిఖింపదగినది: అచ్చట సిద్ధించిన ఫలితము శాస్త్రమునకు గాని, వృత్తికి గాని ముఖ్యమైనదైనచో దానిని రహస్యముగా నుంచరాదు. తన కార్ఖానా సొమ్ముతో కనుగొన్నది తన పోటీదారునకు గూడ దక్కవలెనని శాసించిన వర్తకులు ఏ దేశమునందైనను అరుదు. ఆ నియమము మాటవఱకే నిలువలేదు. 1883లో హాన్సెను అను శాస్త్రజ్ఞుడు ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచు విధానమును సాధించి, ఏటేట కార్ఖానాలను నష్టపఱచుచున్న చెడు పులుపునకు విరుగుడు చూపగా, ఆ విధానమును, ఆ ఈస్టును గూడ ఇతర కార్ఖానాలకు వెల లేకుండ నిచ్చిరి.

అదే సంవత్సరమున అదే ప్రయోగశాలలో కెల్డాలు అను రసాయనజ్ఞుడు ధాన్యములో ప్రొటీను ఎంతయున్నదో నైట్రొజనును కొలిచి తేల్చు పద్ధతిని కనిపెట్టెను. బార్లీలో ప్రొటీను హెచ్చినకొలది బీరు తగ్గును గనుక ఆ లెక్క కార్ఖానాకు అవసరమైనది. నేటికిని పాలలో, పప్పుదినుసులలో మాంసకృత్తు లెన్ని యని పలు ప్రయోగశాలలలో తేల్చునది ఆ పద్ధతిచేతనే. 1909లో అచ్చటనే సోరెన్సెను ఎంజైముల ప్రవర్తనను పరిశీలించుచు, పులుపును కొలుచుటకు పి.హెచ్. అను కొలమానమును ప్రవేశపెట్టెను. అది యిపుడు హైస్కూలు విద్యార్థికి సైతము పరిచితము. ఆయన యనంతరము 1938లో రసాయనశాఖాధిపతియైన లిండర్‌స్ట్రోం-లాంగు తన జీవితమును ప్రొటీనుల నిర్మాణమునకే యంకితము చేసెను. ఆయన 1951లో అమెరికాయందలి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు వచ్చి చేసిన ఉపన్యాసములలో ప్రొటీను నిర్మాణమును ప్రథమము, ద్వితీయము, తృతీయము అను అంతస్తులుగా విభజించి చూపెను. ప్రపంచమంతటను నేటివఱకు విద్యార్థులు చదువుచున్నది ఆ విభాగమునే. ఇంటి కంప్యూటరుల సాయముతో ప్రొటీను ముడుతలను గణించు ఉద్యమము సుమారు అర్ధశతాబ్ది గడచిన పిమ్మట అదే స్టాన్‌ఫర్డునందు జన్మించుట నాకు మిక్కిలి హృద్యముగా దోచును.

ఆ రెంటికి నడుమ నిలిచినవాడు క్రిస్టియను ఆన్ఫిన్సెను. అమెరికనుడైన ఈయన యౌవనమునందు కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో పనిచేసి, యుద్ధము ముంచుకొనిరాగా స్వదేశమునకు మరలి, తిరిగి 1950 తరువాతి దశకమున అచ్చటికే పోయి లిండర్‌స్ట్రోం-లాంగు చెంత కొంతకాలముండెను. 124 అమినో ఆమ్లములుగల రైబోన్యూక్లియేజు అను ఎంజైమును ఆయన యూరియా మొదలగు ద్రవ్యములతో పూర్తిగా విప్పివేసి, ఆ ద్రవ్యములను తొలగింపగా, అది యెవరి సాయము లేకయే తన పూర్వాకృతిని మరల పొంది పని చేయసాగెను. ముడుచుకొను రహస్యమంతయు గొలుసులోని వరుసయందే యిమిడియున్నదని దీనివలన తేలినది; 1972లో ఆయనకు నోబెలు బహుమానములో భాగము లభించినది. కాని గొలుసు తన దారిని ఎట్లు కనుగొనును? సాధ్యమైన ఆకృతుల నన్నిటిని ఒక్కొక్కటిగా వెదకుచు పోయినచో విశ్వము వయస్సంతయు చాలదని 1969లో లెవింతాలు అను శాస్త్రజ్ఞుడు చూపెను. ప్రకృతియో, ఆ పనిని సెకనులో అత్యల్పభాగమున ముగించుచున్నది.

ఈ చిక్కు విడదీయుటకు గణనశక్తి కావలసివచ్చెను. సెకనును పది కోట్ల కోట్ల భాగములు చేసి, అందు ఒకటి రెండు భాగముల కొక పర్యాయము ప్రతి పరమాణువు ఎటు కదలునో లెక్కగట్టుచు పోవలెను. మిక్కిలి చిన్న ప్రొటీను ముడుచుకొనుట చూడవలెనన్నను అట్టి అడుగులు వందల కోట్లు వేయవలెను. 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డు ఆచార్యుడు విజయ్ పాండే ‘ఫోల్డింగ్ ఎట్ హోం’ అను పేర ప్రజల సాయము నర్థించెను. ఇట్టి యర్థనకు అప్పటికే మార్గము పడియున్నది: 1996నుండి మెర్సెను ప్రధానసంఖ్యల యన్వేషణకును, 1999నుండి గ్రహాంతరవాసుల రేడియో సంకేతముల యన్వేషణకును లక్షలమంది తమ కంప్యూటరుల నొసగియుండిరి. పాండే బృందము గ్రహించిన సూక్ష్మమేమనగా, ముడుత పడుట యాదృచ్ఛిక సంఘటనము గనుక, ఒక్క యంత్రముచే దీర్ఘకాలము గణింపజేయుటకు మారుగా వేలకొలది యంత్రములచే స్వల్పకాలము గణింపజేసినను అందు కొన్నిటియందు ముడుత పడితీరును. 2002లో 23 అమినో ఆమ్లముల చిన్న ప్రొటీనును ఈ విధముగా గణించి, అది ముడుచుకొనుటకు పట్టు కాలమును చెప్పగా, ప్రయోగశాలలో కొలిచిన కాలముతో అది సరిపోయినది.

ఇక బీరు కాచువారి సంగతి. అమెరికాలో 1920నుండి 1933వఱకు మద్యనిషేధము సాగెను. అది తొలగిన పిమ్మట ఇంట ద్రాక్షసారాయము చేసికొనుటకు చట్టము ఒప్పెను గాని, ఇంట బీరు కాచుట మాత్రము నేరముగనే మిగిలిపోయెను. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము మఱుసటి యేడు ఫిబ్రవరిలో అమలునకు వచ్చి, ఇద్దఱు పెద్దలున్న యింటికి ఏటికి 200 గాలనుల వఱకు పన్ను లేకుండ కాచుకొన ననుమతించెను. అయినను మిసిసిపి, అలబామా రాష్ట్రములు 2013వఱకును ఒప్పుకొనలేదు. (మన రాష్ట్రములందు ఎక్సైజు చట్టము దీనిని సమ్మతింపదు గనుక పాఠకులు దీనిని ప్రోత్సాహముగా నెంచరాదు.) చట్టము రాకపూర్వమే, 1974లో, లాస్ ఏంజెలెసులో ‘మాల్టోస్ ఫాల్కన్స్’ అను గోష్ఠి వెలసెను, 1978 డిసెంబరులో కొలరాడోలోని బౌల్డరు పట్టణమున చార్లీ పపాజియను అను ఉపాధ్యాయుడు తన మిత్రునితో గూడి దేశవ్యాప్తసంఘమును స్థాపించెను. ఈ గోష్ఠులలో మొదటినుండియు నొక మర్యాద గలదు: బాగుగా కుదిరిన బీరు పాళ్లను దాచుకొనరు, అడిగినవారికెల్ల చెప్పుదురు. జాకబ్సెను పేరు విననివారు సైతము ఆయన నియమమును పాటించుచున్నారు.

ఇట్టివారు ప్రొటీను గణనమునకు జట్టుకట్టుటలో అస్వాభావికత యేమియు లేదు. దాత తన కంప్యూటరులో నొక ప్రోగ్రామును స్థాపించి, తన జట్టు సంఖ్యను నమోదు చేయును. విశ్వవిద్యాలయమునుండి గణనములో నొక తునక దిగివచ్చును, తెరమీద శాతము ఒకటొకటిగా పెరుగుచు నూటికి చేరును, ఫలితము మరలిపోవును, జట్టు ఖాతాలో మార్కులు పడును. గడువు దాటెనా, ఆ తునక మఱియొకరికి పోవును. జాడీలో బీరు పులియుటకు వారములు వేచియుండ నేర్చినవానికి ఈ నిరీక్షణము క్రొత్తగాదు. మార్కులకై పోటీపడుట విజ్ఞానసేవకు తగునా యని యాక్షేపించువారు కలరు. నా యభిప్రాయములో ఈ పోటీయే ఉద్యమమునకు ప్రాణము. సదుద్దేశము మొదటి వారము యంత్రమును వెలిగించును; ఏండ్ల తరబడి దానిని వెలుగనిచ్చునది తన జట్టు వెనుకబడరాదను పంతము, తోడివారి పలకరింపు.

అయితే దానము చేయువాడు తనదానినే చేయవలెను. ఈ ఉద్యమపు తొలినాళ్లలో జార్జియా రాష్ట్రమునందు ఒక కళాశాలలోని కంప్యూటరుల పర్యవేక్షకుడు అచ్చటి యంత్రములలో అనుమతి లేకయే ఇట్టి గణనప్రోగ్రామును స్థాపించి నేరారోపణకు పాలై, 2002లో కొంత సొమ్ము చెల్లించుటతోను, నియమితకాలపు పర్యవేక్షణతోను బయటపడవలసివచ్చెను. అతని యుద్దేశము మంచిదే కావచ్చును. ఐనను యంత్రము అతనిది గాదు, విద్యుత్తు అతనిది గాదు.

2007లో ఇంటి వీడియో ఆటల యంత్రములు గూడ చేరగా, ఈ సమష్టిగణనము సెకనుకు పది కోట్ల కోట్ల లెక్కల మేరను దాటి గిన్నెస్ రికార్డులకెక్కెను; ఆ గిన్నెస్ గ్రంథమును ఆ పేరిటి బీరు కార్ఖానావారి యాలోచనతో 1955లో పుట్టినదే. 2019నుండి గ్రెగరీ బౌమను అను శాస్త్రజ్ఞుడు సెయింట్ లూయిసునుండి ఈ కార్యమునకు నాయకత్వము వహించెను. 2020 మార్చిలో కోవిడు విజృంభింపగా, పది లక్షలకు మించిన యంత్రములు వచ్చి చేరెను. ఇచ్చుటకు పని చాలక కొన్ని దినములు దాతలే వేచియుండవలసిన స్థితి యేర్పడెను. ఆ నెలలోనే సమష్టిగణనము సెకనుకు పదివేల కోట్ల కోట్ల మెట్టు నెక్కినది. అప్పటికి లోకమునందలి యే సూపర్ కంప్యూటరును అంతదూరము పోలేదు. వైరసు ముల్లుప్రొటీను ఎట్లు విచ్చుకొనునో, మందు అంటదగిన సందులు ఎచ్చట మఱుగుపడియున్నవో ఆ లెక్కలలో వెల్లడియై, ఆ సమాచారమంతయు ఎవరికైనను లభించునట్లు ప్రకటింపబడెను.

ఆ ప్రోగ్రాము నేటికిని ఉచితముగా లభించును. జట్టు పెట్టుకొనుటకు రుసుములేదు. 250 వాట్లు తీసికొను యంత్రము అహోరాత్రము నడచినచో దినమునకు 6 యూనిట్ల విద్యుత్తగును గనుక, శక్తి చాలనివారు గంటలు కుదించుకొనవచ్చును. అభిమాన నటునికై, క్రికెట్టు జట్టునకై అంత యుత్సాహముతో సంఘములు కట్టు తెలుగు యువకులు, పూర్వవిద్యార్థి సమితులవారు, విదేశములందలి తెలుగు సంఘములవారు తమ సొంత యంత్రములతో నొక జట్టుగా నేర్పడి జట్టుల మార్కుల పట్టికలో తమ పేరు ఎక్కింతురుగాక యని నా విన్నపము.