నడిసముద్రంలో తుపాను, ఒడ్డున మనం

మా తళవాయిపురం నుంచి చూస్తే సముద్రం కనబడదు. పడమట కొండలు, తూర్పున మెట్టచేలు, నడుమ ఇక్కడివాళ్ళు కణ్మాయి అని పిలిచే చెరువులు. అయినా సముద్రంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆత్రం మా పెద్దలకు ఎప్పుడూ ఉండేది. దానికి కారణం లేకపోలేదు. నైరుతి వానను పడమటి కొండలు చాలావరకు ఆపేస్తాయి. రాజపాళయం ప్రాంతానికి అసలు వాన అక్టోబరు తర్వాత తూర్పునుంచి రావాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చెరువు నిండుతుంది, పడకపోతే పగుళ్ళే. అందుచేత ‘తుపాను వస్తోంది’ అంటే కోస్తా ఆంధ్రలో గుండె జారేది గాని, మా ఊళ్ళో ‘ఎక్కడిదాకా వచ్చిందట?’ అని ఆశగా అడిగేవారు.

మా పెదనాన్నకు ఈ ఆత్రం కాస్త ఎక్కువ. ఆయన దగ్గర అట్టలూడిన బడి అట్లాసు ఒకటి ఉండేది. వాయుగుండం మద్రాసుకు ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉందని రేడియోలో చెప్పగానే, స్కేలు పెట్టి కొలిచి, పటంలోని నీలిరంగు మీద పెన్సిలుతో చుక్క పెట్టేవారు. మర్నాటి చుక్కను దానితో కలిపేవారు. ఆ గీతను ముందుకు పొడిగించి ఏ ఊరు తగులుతుందో చెప్పడం ఆయనకు వేడుక. ఆ వేడుక నాకూ అంటుకుంది.

1977 నవంబరు 12న నాగపట్నం దగ్గర తీరం దాటిన తుపాను తమిళనాడులో వందలమందిని బలి తీసుకుంది. దాని తడి ఆరకముందే ఇంకొకటి బయలుదేరింది. పెదనాన్న చుక్కలు పెడుతూ పోయారు. గీత మొదట మావైపే పడమరగా వచ్చి, తర్వాత ఉత్తరానికి మళ్ళింది. “ఇక భయం లేదురా, పైకి పోయింది” అన్నారాయన. ఇంటిల్లిపాదీ నిబ్బరపడ్డాం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాం కూడా. నవంబరు 19న అది దివిసీమను ముంచింది.

‘పైకి పోయింది’ అన్న ఆ మాట నన్ను నేటికీ వదలలేదు. పైన ఉన్నదెవరు? మన మాట మాట్లాడేవాళ్ళే. దూరాన కూర్చుని తుపానును గమనించడం మనుషులకు ఎప్పటినుంచి అలవాటయింది, ఆ గమనింపు ఎవరికి అక్కరకొచ్చింది అని వెతకడం నేను ఆ తర్వాతే మొదలుపెట్టాను.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసిన పేరు హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెనుగా పనిచేసి, తర్వాత కలకత్తాలో స్థిరపడిన ఆంగ్లేయుడు. 1839 నుంచి ఆయన తుపానుల గురించి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశాడు. తుపానులో చిక్కి బయటపడిన ఓడలు రేవు చేరాక, వాటి లాగ్‌బుక్కులు సంపాదించేవాడు. ఏ గంటకు గాలి ఏ దిక్కునుంచి వీచింది, భారమితిలో పాదరసం ఎంత దిగింది అన్నవి ఒక్కొక్కటే పటం మీద గుర్తుపెట్టుకుని, నడిసముద్రంలో ఆ గాలి నడిచిన దారి పట్టుకునేవాడు. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ గాలివాలున పరుగెత్తి, గానుగెద్దులా ఐదు చుట్లు తిరిగి, చివరకు బయలుదేరిన దీవి దగ్గరికే వచ్చి తేలింది. తుపాను గాలి సుడి తిరుగుతుందనడానికి ఆ ఓడ లాగ్‌బుక్కు పిడింగ్టనుకు గట్టి సాక్ష్యమయింది.

పాము చుట్టను సూచించే గ్రీకు మాటనుంచి ‘సైక్లోన్’ అనే పేరు పెట్టినది ఆయనే. 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంతోపాటు, సుడిగాలి గీతలున్న పారదర్శకమైన కొమ్ము రేకులు కూడా ఇచ్చాడు. రేకును పటం మీద పెట్టి చూసుకుంటే తుపాను కేంద్రం ఎటువైపు ఉందో, ఓడను ఎటు తిప్పాలో నావికుడికి తెలుస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు పెదనాన్న అట్లాసే గుర్తొచ్చింది.

పిడింగ్టన్ రాతల్లో మన కోరంగి కూడా ఉంది. 1789 డిసెంబరులో కాకినాడ దగ్గరి ఆ రేవు మీదికి మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడ్డాయి. 1839 నవంబరులో మరోసారి ఉప్పెన వచ్చింది. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచేవారని మన పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. రేవు పాడుబడింది గాని, దాని పేరు మాత్రం మనవాళ్ళతో సముద్రం దాటింది.

పిడింగ్టన్ కలకత్తాలో లాగ్‌బుక్కులు తిరగేస్తున్న రోజుల్లోనే, విశాఖపట్నంలో ఒక తెలుగు జమీందారు ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆయన గోడే వెంకట జగ్గారావు. మద్రాసుకు వెళ్ళి, అక్కడి నక్షత్రశాల అధికారి టేలర్ దగ్గర గణితం, ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో సొంత ఖర్చుతో విశాఖలో నక్షత్రశాల కట్టించాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకుని, 1892లో కన్నుమూసేదాకా నడిపించాడు. అక్కడ గ్రహనక్షత్రాలతోపాటు వానకూ గాలికీ కూడా లెక్క రాశారు. జీతం కోసం చేసిన పని కాదది. సర్కారు చేయకముందే కొన్ని పనులు ఇష్టం కొద్దీ మొదలవుతాయనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

సర్కారు కళ్ళు తెరిపించినది 1864. ఆ ఏడు అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును తుపానులు ముంచాయి. బందరు ప్రాంతంలో చనిపోయినవారు సుమారు 30,000 మంది. ఈ దెబ్బలు, వాటి వెంట కరువులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టుకకు దారితీశాయి. 1876 అక్టోబరులో విశాఖపట్నాన్ని తాకిన తుపాను గురించి జాన్ ఎలియట్ పెద్ద నివేదికే రాశాడు. తర్వాత దేశంలోని రేవులన్నిటికీ ఒకే వరసలో ప్రమాద సూచికలు వచ్చాయి. పదో నంబరు దాకా మనకు తెలిసినవే. పదకొండోది కూడా ఒకటుంది. వాతావరణ కేంద్రంతో సంబంధం తెగిపోయిందని దాని అర్థం. అన్ని నంబర్లలోకీ అదే భయంకరమైనదని నాకు అనిపిస్తుంది.

ఎందుకంటే తుపానులో చచ్చేది గాలికన్నా నీటివల్ల, కబురు అందకపోవడంవల్ల. 1964 డిసెంబరు 22 రాత్రి, శ్రీలంకను దాటి వచ్చిన తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వెళ్ళిన పాసింజరు రైలు స్టేషను చేరబోతుండగా ఉప్పెన దాన్ని మింగేసింది. అందులో ఉన్న వందమందికి పైగా ఒక్కరూ మిగలలేదు. ఆ తుపాను పుట్టి అప్పటికి నాలుగైదు రోజులయింది. సముద్రం మీద దానికి ఒక దారి ఏర్పడింది. ఆ దారి చివర ఒక రైలు వెళుతోందన్న ధ్యాస మాత్రం ఎవరికీ లేకపోయింది.

1977లోనూ అంతే. తీరం చేరకముందే ‘జగత్‌స్వామి’ అనే ఓడ ఆ తుపానులో చిక్కి, గంటకు 190 కిలోమీటర్లకు పైబడిన గాలిని నమోదు చేసింది. అంటే దాని బలం తెలియనిది కాదు. అది ఎక్కడ మళ్ళుతుందన్నదే తేలలేదు. తేలేసరికి కబురు లంకపల్లెలకు చేరలేదు. తాటిచెట్టంత అల అని అక్కడివారు చెప్పుకుంటారు. దాదాపు 10,000 మంది పోయారు. అంతకన్నా ఎక్కువనేవారూ ఉన్నారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించి, మనవంటి దూరపు తెలుగువారిని కూడా పిలిచి ఆదరించిన మండలి వెంకటకృష్ణారావుగారి సొంత సీమ అది. మనల్ని తలుచుకున్న ఊరు మునుగుతుంటే, మేము గీత మళ్ళిందని సంతోషించాం.

1990 మేలో అదే కృష్ణాతీరానికి దాదాపు అంత బలమైన తుపాను వచ్చింది. ఈసారి ఇన్సాట్ చిత్రాలు, తీరాన రాడార్లు, తుపాను షెల్టర్లు ఉన్నాయి. లక్షన్నరమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా వెయ్యిమందికి దగ్గరగా పోయారు. కాని వెయ్యికీ పదివేలకూ ఉన్న తేడా, సమయానికి అందిన కబురు విలువే. 1999లో ఒడిశాలో సుమారు 10,000 మందిని తుపాను తీసుకుపోయింది. 2013లో అక్కడికే ఫైలిన్ వచ్చినప్పుడు మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ఫైలిన్ నడిసముద్రంలో ఉండగా దాన్ని సూపర్ సైక్లోన్ అనాలని కొందరు విదేశీ పరిశీలకులు వాదించారు. మన వాతావరణ శాఖ తన లెక్కమీదే నిలబడింది. చివరకు శాఖ లెక్కే నిజమయింది. వేడుకగా చూసేవారికి పెద్ద తుపాను కావాలనిపిస్తుంది. బాధ్యతగా చూసేవారికి సరైన లెక్క కావాలి.

అలాగని వేడుకను తీసిపారేయలేం. తమిళనాడు వెదర్‌మాన్ అనే పేరుతో ప్రదీప్ జాన్ రాసే వాన కబుర్ల కోసం ఇక్కడ ఎంతోమంది ఎదురుచూస్తారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆంధ్ర రైతులకు వాతావరణ వివరాలు తెలుగులో చెప్పే సాయిప్రణీత్ పేరును 2021లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. రాష్ట్రం బయట ఉండి, ఉన్నచోటునుంచే సొంత నేలకు సొంత భాషలో మేలు చేయవచ్చని ఆ యువకుడు చూపించాడు. జగ్గారావుగారి వారసత్వం అంటే నా దృష్టిలో ఇదే.

ఇంకా చేయవలసింది మిగిలే ఉంది. 2017 నవంబరు 30న కన్యాకుమారి పక్కగా ఒఖీ తుపాను పోయింది. మా చెరువులవైపు మబ్బులు కమ్ముకున్నాయని మేము మురిసిపోతున్న వేళకే, రోజుల తరబడి వేటకు దూరం వెళ్ళిన జాలరులకు కబురు అందే దారి లేకపోయింది. వందలమంది తిరిగిరాలేదు. అట్లాసులో నీలిరంగు ఖాళీ జాగాలా కనిపిస్తుంది గాని, అక్కడా మనుషులున్నారు.

పెదనాన్న లేరు. అట్లాసు నా దగ్గరే ఉంది. ఇప్పుడు మా మనవడు ఫోనులో తుపాను కన్ను చూపించి, “తాతా, మళ్ళిపోతోంది, మనకు రాదు” అంటాడు. వాడికి నేను ఒక్క మాటే నేర్పాను. గీత మళ్ళినప్పుడు ‘పోయింది’ అనకూడదు, ‘ఎవరివైపు?’ అని అడగాలి.