వాట్లు పెరిగితే ధ్వని నాణ్యత పెరుగుతుందా?

ఇంటికి మ్యూజిక్ సిస్టమ్ కొనడానికి దుకాణానికి వెళ్లినవారి కంట ముందుగా పడేది పెట్టెపై పెద్ద అక్షరాలతో ముద్రించిన వాట్ల సంఖ్య. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే ధ్వని అంత మేలుగా ఉంటుందన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా పాతుకుపోయింది. ధర కూడా తరచుగా దాన్ని అనుసరించే పెరుగుతుంది. శబ్ద శాస్త్రం మాత్రం ఈ నమ్మకాన్ని సమర్థించదు.

మానవ శ్రవణేంద్రియం శబ్ద శక్తిని నేరుగా, కూడికల లెక్కన గ్రహించదు. అందుకే శబ్ద తీవ్రతను డెసిబెళ్లలో కొలుస్తారు. యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి అది స్వల్పమైన తేడా. శబ్దం రెండింతలు బిగ్గరగా ఉన్నట్లు తోచాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి. అందుకు పదింతల శక్తి కావాలి. కాబట్టి 50 వాట్ల యాంప్లిఫయర్‌ను మార్చి 100 వాట్లది తెచ్చుకున్నవారికి దక్కే అదనపు ప్రయోజనం ఊహించినంత ఉండదు.

ఇంతకంటే ముఖ్యమైన అంశం స్పీకర్ సున్నితత్వం. 1 వాట్ శక్తిని అందించినప్పుడు ఒక మీటరు దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెళ్ల శబ్దం ఇస్తుందో ఇది తెలుపుతుంది. అమెరికాలో 1946లో రూపొందిన క్లిప్ష్‌హార్న్ అనే భారీ స్పీకర్‌కు తయారీదారులు ప్రకటించే విలువ 105 డెసిబెళ్లు. బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ 1970వ దశకంలో తన బాహ్య ప్రసార వాహనాల కోసం తయారుచేసుకున్న ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్ విలువ సుమారు 83 డెసిబెళ్లు. అంటే మొదటిది 1 వాట్‌తో ఇచ్చే శబ్దానికి రెండోదానికి 150 వాట్లకు పైగా కావాలి. అంత శక్తిని ఆ చిన్న పెట్టె తట్టుకోలేదు కూడా. అయినా మానవ కంఠాన్ని సహజంగా వినిపించడంలో అది నేటికీ ప్రశంసలందుకుంటోంది. బిగ్గరగా మోగడం వేరు, స్పష్టంగా పలకడం వేరు అనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

సాధారణ గృహానికి ఈ లెక్కను అన్వయించి చూద్దాం. 87 డెసిబెళ్ల సున్నితత్వం గల రెండు స్పీకర్లకు చెరి 1 వాట్ ఇస్తే, మూడు మీటర్ల దూరంలో కూర్చున్న శ్రోతకు 80 డెసిబెళ్ల శబ్దం వినిపిస్తుంది. మామూలు సంభాషణ స్థాయి 60 డెసిబెళ్లే. వార్తలు వినడానికి వాట్‌లో పదో వంతు కూడా ఎక్కువే!

అలాగని శక్తి అనవసరమని కాదు. సంగీతం ఒకే స్థాయిలో సాగదు. కచేరీలో మృదంగంపై పడే గట్టి దెబ్బ సగటు స్థాయిని మించి 15 నుంచి 20 డెసిబెళ్ల వరకు ఎగసిపడవచ్చు. 75 డెసిబెళ్ల సగటుతో వింటున్నప్పుడు ఆ ఒక్క క్షణానికి పైన చెప్పిన స్పీకర్లకు చెరి 30 వాట్ల దాకా అవసరమవుతుంది. యాంప్లిఫయర్ వద్ద అంత శక్తి లేకపోతే ధ్వని తరంగాల శిఖరాలు కత్తిరించినట్లు చదునైపోతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. ధ్వని గరగరలాడడమే కాక, ఎగువ స్వరాలను పలికించే ట్వీటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదమూ ఉంది. స్పీకర్లు చెడిపోయేది పెద్ద యాంప్లిఫయర్ వల్లనే అనుకుంటాం గానీ, చిన్నదాన్ని శక్తికి మించి మోగించినా అంతే నష్టం. సాధారణ హాలుకు ఒక్కో చానల్‌కు 40, 50 వాట్లు నికరంగా ఇచ్చే యాంప్లిఫయర్ సరిపోతుంది.

ఇక్కడ 'నికరంగా' అన్న మాట కీలకం. మన విపణిలో ఏళ్ల తరబడి చలామణి అయిన 'పీఎంపీఓ' వాట్లకు సర్వామోదం పొందిన కొలమానం ఏదీ లేదు. క్షణకాలం పాటు, వక్రీకరణను పట్టించుకోకుండా వచ్చే ఊహాత్మక గరిష్ఠ విలువ అది. కొనుగోలుదారు చూడవలసింది 'ఆర్‌ఎంఎస్' పేరిట సూచించే నిరంతర శక్తిని. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే గృహ యాంప్లిఫయర్ల శక్తిని ఎలా కొలిచి ప్రకటించాలో నియమం తెచ్చి, 2024లో దాన్ని కట్టుదిట్టం చేసింది. మన దుకాణంలో నిలబడి చేయదగిన పరీక్ష ఒకటుంది. పరికరం వెనుక ఎంత విద్యుత్తు వినియోగిస్తుందో ముద్రించి ఉంటుంది. అక్కడ 60 వాట్లు అని ఉంటే, ముందువైపు 2,000 అని ఎంత మెరిసే అక్షరాలతో రాసినా ఆ యంత్రం 60 వాట్లకు మించి నిరంతరంగా ఇవ్వలేదు.

ఎక్కువ వాట్ల కోసం వెచ్చించే సొమ్మును మెరుగైన స్పీకర్లకు, గదికి మళ్లిస్తే ఫలితం వెంటనే వినిపిస్తుంది. గ్రానైట్ నేల, బోసి గోడలు ఉన్న హాలులో శబ్దం ప్రతిఫలించి మాటలు అలుక్కుపోతాయి. ఒక తివాచీ, రెండు మందపాటి తెరలు చాలా మేలు చేస్తాయి. స్పీకర్లను మూలలకు నెట్టినా, అల్మరాలో కుక్కినా మంద్రస్థాయి ధ్వనులు గుమగుమలాడతాయి. గోడ నుంచి కొంత ముందుకు జరపడానికి ఖర్చేమీ లేదు.

ఎంత బిగ్గరగా వినాలన్నదానికీ హద్దు ఉంది. 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చునని, 90 డెసిబెళ్లయితే 4 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో అనుమతించిన స్థాయి పగలు 55, రాత్రి 10 గంటల తర్వాత 45 డెసిబెళ్లు.