నహ్హాము పాట, నావికుల చెవి

మన దేశమున పాట విని పెరిగిన చెవికి పల్లవి యెచ్చట ముగిసినదో, అనుపల్లవి యెచ్చట పైస్థాయికి లేచినదో, చరణము చివర గాయకుడు మరల పల్లవిని ఎప్పుడు అందుకొనునో ఒకరు చెప్పనక్కఱలేదు. హరికథ వినవచ్చిన ముసలమ్మ సైతము, ఆ పేర్లేవియు నెఱుగకయే, పల్లవి తిరిగివచ్చుటకు లిప్తపాటు ముందే తల యూచును. ఇట్టి చెవిని నమ్ముకొని నేను షార్జా తీరమున ఒక ఉత్సవపు సాయంకాలము ముత్యపువేట నావికుల పాట వినబోయి, అది యెచ్చట మొదలైనదో, యెచ్చట మలుపు తిరిగినదో పోల్చుకొనలేక, సంతలో తప్పిపోయిన పిల్లవానివలె కూర్చుంటిని. ఆ పాటకు భాగములను ఏర్పఱచినది పడవపై పని యని తెలియుటకు నాకు చాల కాలము పట్టినది.

ఎమిరేట్లు 1971లో ఒక సమాఖ్యగా ఏర్పడుటకు ఎన్నియో తరములకు పూర్వమే ఈ తీరవాసులకు ముత్యము జీవనాధారము. అబూదబీకి చెందిన మరవా దీవిలో బయటపడిన ఒక ముత్యము ఇంచుమించు 8,000 సంవత్సరముల నాటిదని పురావస్తువేత్తలు నిర్ణయించిరి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో బ్రిటిషు ఉద్యోగి లోరిమరు కూర్చిన గెజిటీరును బట్టి ఈ తీరమునుండి 1,200కు పైగా పడవలు, సుమారు 22,000 మంది మనుష్యులు ఈ వేటకు పోవుచుండెడివారు. నడివేసవిలో నాలుగు నెలలు నీటిపైననే కాపురము. పడవకు పెద్ద నోఖదా, మునుగువాడు ఘైస్, పైనుండి తాడు పట్టి వానిని లాగువాడు సైబ్, వీరందఱి నడుమ పాడువాడు నహ్హాము. పెద్ద పడవలలో నహ్హామునకు పాటయే ఉద్యోగము, అందుకై అతనికి రాబడిలో భాగము. గొంతు గల నహ్హాము కొఱకు నోఖదాలు పోటీపడెడివారట. మన సంగీత సభల కార్యదర్శులు ఈ మాట విన్నచో తమ కష్టములు తలచుకొని నిట్టూర్తురు.

లంగరు లాగుటకు ఒక పాట, తెడ్లు వేయుటకు ఒకటి, తెరచాప నెత్తుటకు వేఱొకటి. నహ్హాము ఒంటిగా స్వరమును సాగదీయుచున్నంతసేపు తక్కినవారు ఊపిరి కూడదీసికొని తాటిపై చేతులు సర్దుకొందురు. అందఱును కలిసి అట్టడుగు మంద్రమున హుంకరించుటతో కండరములు బిగియును. లయ నేలబడిన చోట తాడు కదలును. గోదావరి కాలువలపై పడవకు తాడు కట్టి గట్టు వెంబడి లాగిన మనవారి హైలెస్సాలోను ఇదియే కిటుకు: పిలుపు ఒకని నోట, బరువు పదిమంది భుజములపై. తాళము తప్పిన శిష్యునికి గురువుగారి కోపము మాత్రమే తగులును. ఇచ్చట భాగమును పొరబడిన వానికి అరచేతి చర్మము తాటితో పోయెడిది. ఇంతకంటె కఠినమైన సంగీత పాఠశాలను నేనెఱుగను.

నహ్హాము పాడు మవ్వాలు అను గేయములలో జుహైరీ యనునది ఒకటి కలదు. అది ఏడు పాదముల పద్యము: మొదటి మూడు పాదములు ఒక మాటతో ముగియును, నాలుగవ పాదమున ఆ ధ్వని మాఱి ఆఱవ పాదము వఱకు సాగును, ఏడవ పాదము మరల మొదటి ధ్వనికే వచ్చి చేరును. పాదము చివరి పదము వినుటకు ఒక్కటే యైనను ప్రతిసారి అర్థము వేఱుగా నుండవలెను. మన యమకమునకు తోబుట్టువన్నమాట. కావున అక్షరము రాని సైబ్ సైతము అంత్యపదమునే పట్టుకొని పాట సగమైనదా, ముగియవచ్చినదా యని తెలిసికొనగలిగెను. ఎడారిలోను చెవికి ఇట్టి శిక్షణయే యుండెడిది: ఒంటెలపై సాగు రెండు జట్లు, ఒకటి ఎత్తుకొనగా మఱియొకటి అందుకొనుచు, నడక లయలో పాడుకొను తగ్రూదాను 2012లో యునెస్కో మానవాళి వారసత్వ పట్టికలో చేర్చినది.

ఇక్కడి ముత్యము బొంబాయి మీదుగా మన హైదరాబాదునకును వచ్చి, బస్రా ముత్యమను పేర నవాబుల కంఠముల నలంకరించినది; దానిని పైకి తెచ్చిన పాట మాత్రము పడవ దిగలేదు. పిమ్మట జపానులో మికిమోటో అనువాడు పెంచిన ముత్యములు విపణిలోనికి వచ్చినవి. 1929 నాటి ఆర్థిక మాంద్యము కొనువారి చేతులను కట్టివేసినది. 1962లో అబూదబీకి చెందిన దాస్ దీవినుండి తొలి చమురు ఓడ కదలుసరికి తాడు లాగు చేతులకు వేఱు పని దొరకినది. దుబాయిలో 1991 నుండి నడచుచున్న పడవల పందెమునకు, వేట ముగించి నావలు మరలి వచ్చు దినము పేరైన అల్ గఫాల్ అను పేరే పెట్టిరి.

నాటి సాయంకాలము వేదికపై యువకులు లాగిన తాటి కొనకు ఏ బరువును లేదు. మఱునాడు మరల పోయి, ఈసారి కన్నులు మూసికొని అంత్యపదములను వ్రేళ్ళపై లెక్కించితిని. నాలుగవ పాదపు మలుపు దొరకినది, ఐదవదానితో లెక్క తప్పినది. కన్ను తెఱచి చూడగా, నా ప్రక్కన కందూరా ధరించి కూర్చున్న ఒక వృద్ధుడు మోకాలిపై నున్న చేతిని నెమ్మదిగా పిడికిలి బిగించుచుండెను. మఱుక్షణమున బృందము అందుకొనినది.