మస్జిదు ఆదాయం, ఇమాము జీతం: లెక్క అప్పగించే బాధ్యత

ధార్మిక సంస్థకు పన్ను లేదు గనుక లెక్క కూడా లేదనే భావన తెలుగునాట అనేక మస్జిదు కమిటీలలో వేళ్ళూనుకొని ఉన్నది. దీనికి షరీఅతులోగాని, చరిత్రలోగాని, దేశ చట్టంలోగాని ఆధారం లేదు. పన్ను నుండి మినహాయింపు పాలకులు కలిగించే సౌకర్యం మాత్రమే. లెక్క అప్పగించడం అమానతులో భాగం. సౌకర్యం ఉన్నా, లేకపోయినా అమానతు బాధ్యత తొలగిపోదు.

దైవప్రవక్త (స) కాలంలోనే ఇందుకు నిదర్శనం కనిపిస్తుంది. బనూ సులైమ్ తెగ నుండి జకాతు వసూలు చేసి వచ్చిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే ఉద్యోగి, సొమ్ములో కొంత భాగం తనకు కానుకగా వచ్చినదని వేరు చేసి పెట్టుకొనగా, దైవప్రవక్త (స) అతని వద్ద లెక్క తీసుకొని, ఆ కానుకను తప్పుపట్టారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నది. హజ్రత్ ఉమర్ (ర) ఖైబర్‌లోని తన భూమిని వక్ఫ్ చేసినప్పుడు, దాని నిర్వాహకుడు లోకమర్యాదను అనుసరించి తన పోషణకు తీసుకొనవచ్చుగాని, దానితో ఆస్తి కూడబెట్టుకొనరాదని షరతు పెట్టారు. నిర్వాహకుని భత్యానికి హద్దు గీసిన తొలి వక్ఫ్ షరతులలో ఇది ఒకటి. తదుపరి ఆయన ఖిలాఫతు కాలంలోనే దీవాను ఏర్పడి, ఎవరికెంత భత్యం చెల్లించాలో చిట్టాలలో వ్రాయబడింది.

ఇమాము జీతం విషయంలో ధర్మవేత్తల అభిప్రాయం కాలానుగుణంగా మారింది. తొలితరం హనఫీ ధర్మవేత్తలు ఇమామతుకు, అజానుకు, ఖుర్ఆన్ బోధనకు ప్రతిఫలం తీసుకొనడాన్ని అనుమతించలేదు. అప్పట్లో ఇట్టివారికి బైతుల్‌మాల్ నుండి భత్యాలు ముట్టేవి. ఆ భత్యాలు నిలిచిపోయిన పిమ్మట, జీతం లేకపోతే మస్జిదులే మూతపడగలవని గ్రహించిన తర్వాతి తరం ధర్మవేత్తలు అవసరం దృష్ట్యా దానిని సమ్మతించారు. అనగా ఇమాము జీతం దయాదాక్షిణ్యాలతో ఇచ్చే చందా కాదు. సముదాయం తనపై వేసుకొన్న బాధ్యత.

హైదరాబాదు రాజ్యంలో ఈ బాధ్యతను చాలావరకు ప్రభుత్వమే వహించింది. ఉమూరె మజ్‌హబీ శాఖ మస్జిదులు, దర్గాలతోపాటు ఇతర మతాల ఆలయాల వ్యవహారాలను కూడా చూసేది. ఇమాము, మౌజను, ఖతీబు, ఖాజీ మొదలైనవారి సేవకై మష్రూతుల్ ఖిద్మత్ ఇనాములు ఇవ్వబడేవి. సేవ చేసినంతకాలమే ఆ భూమిపై హక్కు. 1349 ఫస్లీలో, అనగా 1940 ప్రాంతంలో, వచ్చిన ధర్మాదాయాల నిబంధనల క్రింద సంస్థలు, వాటి ఆస్తులు ప్రభుత్వ గ్రంథంలో నమోదు కావలసి వచ్చింది. 1949లో జాగీరులు రద్దయినవి. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చినది. పాత ఆధారాలు సడలిపోయినప్పుడు పత్రాలు గల సంస్థలు వాదించుకొనగలిగినవి. పత్రాలు లేనివి ఇబ్బందులపాలైనవి.

బ్రిటిషు పాలిత ప్రాంతంలో మార్గం వేరు. 1923 నాటి ముసల్మాను వక్ఫ్ చట్టం ప్రకారం ముతవల్లీ తన వక్ఫు వివరాలను జిల్లా న్యాయస్థానానికి సమర్పించి, ఏటేటా తనిఖీ చేయబడిన లెక్కలు దాఖలు చేయవలసి ఉండేది. 1954 చట్టం ఈ పర్యవేక్షణను రాష్ట్ర వక్ఫ్ బోర్డులకు అప్పగించింది. 1995 చట్టం, నికర వార్షికాదాయం 5,000 రూపాయలకు తగ్గని ప్రతి వక్ఫు అందులో 7 శాతానికి మించని మొత్తాన్ని బోర్డుకు చందాగా చెల్లించాలన్నది. 2025 సవరణ ఆ గరిష్ఠ పరిమితిని 5 శాతానికి తగ్గించి, నికరాదాయం లక్ష రూపాయలు దాటిన వక్ఫుల లెక్కలను ఏటా ఆడిట్ చేయించాలని నిర్ణయించింది.

ఆదాయపు పన్ను చట్టం వీటికి పూర్తిగా భిన్నమైన శాఖ. ధార్మిక ప్రయోజనాలకు వినియోగమయ్యే ఆస్తి ఆదాయానికి 1886 చట్టం మినహాయింపు ఇచ్చింది. 1922, 1961 చట్టాలు దానిని కొనసాగించినవి. కాని 1973 ఏప్రిల్ 1 నుండి ఆ మినహాయింపు కోరేవారు పన్ను శాఖలో విడిగా నమోదు కావలసి వచ్చింది. ఆదాయంలో 85 శాతం సంస్థ ఉద్దేశాలపై ఖర్చు కావాలి, నిర్వాహకుల స్వలాభానికి వాడరాదు, ఆదాయం పరిమితి దాటితే రిటర్ను దాఖలు చేయాలి అనేవి 1961 చట్టంలో స్థిరపడిన ముఖ్య షరతులు. 2021 నుండి పాత నమోదులను కూడా గడువుతో కూడిన కొత్త నమోదులుగా మార్చుకొనవలసి వచ్చింది. 2025లో ఆమోదం పొందిన కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. వక్ఫ్ బోర్డులో నమోదైనంత మాత్రాన పన్ను శాఖలో నమోదైనట్లు కాదనే సంగతిని కమిటీలు తరచుగా విస్మరిస్తున్నవి.

జీతాల విషయంలో రెండు తీర్పులు పేర్కొనదగినవి. అఖిల భారత ఇమాముల సంస్థ దాఖలు చేసిన వ్యాజ్యంలో 1993 మే నెలలో సుప్రీంకోర్టు, ఇమాములకు జీతం చెల్లించే బాధ్యత నుండి వక్ఫ్ బోర్డులు తప్పుకొనజాలవని తీర్పు చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఇమాములకు, మౌజనులకు నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం ప్రారంభించి, 2018లో 5,000 రూపాయలకు పెంచింది. అయితే గౌరవ వేతనం సహాయమే గాని జీతానికి ప్రత్యామ్నాయం కాదు. దానిని చూపి కమిటీ తన వంతు తగ్గించుకొంటే, నష్టపోయేది ఇమాము కుటుంబం.

రెండవ తీర్పు క్రైస్తవ సంస్థలకు సంబంధించినది. ఎయిడెడ్ పాఠశాలల్లో పనిచేసే సన్యాసినులు, ఫాదరీలు తమ జీతాన్ని మఠానికే సమర్పిస్తారు గనుక దానిపై పన్ను కోత ఉండరాదని వాదించారు. 1944 నాటి సర్క్యులరును ఆధారంగా చూపారు. 2019లో మద్రాసు హైకోర్టు, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని అంగీకరించలేదు. జీతం ఎవరి పేర చెల్లించబడుతుందో వారి ఆదాయమే అది. దానిని తర్వాత దానం చేయడం వేరే విషయం. మదరసాలకూ ఇందులో పాఠం ఉన్నది. సంస్థకు పన్ను మినహాయింపు ఉన్నా, అది చెల్లించే జీతానికి మినహాయింపు లేదు. ఉద్యోగి ఆదాయం పన్ను పరిమితి దాటితే కోసి ప్రభుత్వానికి జమచేయవలసినది సంస్థయే.

ఈ చరిత్ర తొండుపల్లి వంటి గ్రామానికి ఎందుకు ముఖ్యమో ఆలోచించాలి. పాయిగా అమీరు షమ్సుల్ ఉమ్రా పేరుమీదుగా వెలసినదని చెప్పబడే శంషాబాదు ప్రాంతం, 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తర్వాత, బాహ్య వలయ రహదారి వచ్చిన తర్వాత, గజాల లెక్కన భూమి అమ్ముడుపోయే చోటుగా మారింది. ఇట్టి చోట మస్జిదుకు చెందిన చిన్న పొలం కూడా పెద్ద ఆస్తియే. అట్టి భూమి ప్రభుత్వ సేకరణకు వస్తే, వక్ఫ్ బోర్డుకు తెలియజేయాలని 1995 చట్టంలోని 91వ సెక్షన్ చెబుతున్నది. నమోదైన సంస్థ తన ఆస్తికి వచ్చిన మొత్తంతో మరొక ఆస్తిని సమకూర్చుకొంటే, ఆ లాభాన్ని సంస్థ ఉద్దేశాలకు వినియోగించినట్లే 1961 చట్టం పరిగణించింది. నమోదు లేని కమిటీకి ఆ రక్షణ లేదు. వక్ఫు ధనంలో కొంత పన్ను క్రింద పోవచ్చు. పత్రాలు సరిగా లేకుంటే నష్టపరిహారమే వివాదంలో చిక్కుకొంటుంది.

అందువలన కమిటీ వద్ద ఉండవలసినవి కొన్నే: జమాఖర్చుల పుస్తకం, ఇమాము, మౌజనుల నియామక పత్రాలు, జీతాల రిజిస్టరు, బ్యాంకు ఖాతా, బోర్డు నమోదు, పన్ను శాఖ నమోదు. అప్పు లావాదేవీలను వ్రాసిపెట్టమని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. ఇద్దరు వ్యక్తుల మధ్య అప్పుకే వ్రాత అవసరమైనప్పుడు, అల్లాహ్ పేర వక్ఫైన ఆస్తికి అది మరెంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. ముతవల్లీ ఏటా బోర్డుకు అప్పగించే లెక్క ఒకటి. దానికి మించినది ప్రళయదినాన అప్పగించవలసిన లెక్క. మొదటిదాన్ని అలక్ష్యం చేసినవాడు రెండవదానికి సిద్ధంగా ఉన్నాడని అనుకొనడం కష్టం.